తౌడుకు కొన్న కొడుకు

కిందటి వారం లెక్క ఎక్కడ ఆగిందో ముందు చెప్పుకుంటే తర్వాతి నడక తేలికవుతుంది. బోధన్‌లో బెల్లం అడ్తి, అంటే రైతుల సరుకు దలాలీ మీద అమ్మిపెట్టే కొట్టు, నడిపే దేవిదాస్‌కు ఒక్కతే చెల్లెలు, సుమిత్ర. ఆమె మగడు రాజేశ్వర్ సముద్రం అవతల నాటాల్ దేశంలో ఒక చక్కెర మిల్లులో పాకం మేస్త్రీ. చిన్నతనంలో మేనమామ వెంట ఓడెక్కి పోయి అక్కడే నిలదొక్కుకున్న మనిషి. నడుమ వచ్చి పెళ్లి చేసుకుని, మూడేళ్లుండి, మళ్లీ పోయాడు. ఇప్పుడు భార్యను, కొడుకు ఆత్మారాంను శాశ్వతంగా తన దగ్గరికి రప్పించుకోవడానికి దరఖాస్తు ఫారం పంపాడు. కొడుకు తల్లి వెంటే రావాలి, పదహారేళ్లు నిండకముందే రావాలి. అది అక్కడి చట్టం. ఆత్మారాంకు పదహారు నిండేది ఏప్రిల్‌లో. బొంబాయిలో ఓడ కదిలేది ఫిబ్రవరి ఇరవైన. ఆ తర్వాతి ఓడలో చోటు దొరుకుతుందన్న నమ్మకం లేదు.

ఉర్దూలో ఉన్న కాగితాలన్నీ ఇంగ్లీషులోకి మార్పించాలి. వాటి మీద నిజామాబాద్ మున్సిఫ్ మొహరు పడాలి, ఆపైన హైదరాబాదు రెసిడెన్సీలో ఇంకో మొహరు. పెళ్లి కాగితం అయింది, ఇంటి కాగితం అయింది. ఊరి జనన దఫ్తరు నకలు విప్పేసరికి బండి చక్రం దిగబడింది. ఆత్మారాం తల్లి పేరు రాయాల్సిన చోట సుమిత్ర లేదు. హన్మవ్వ అని ఉంది.

ఆ పేరును పైకి చదివింది హబీబుద్దీన్. ఆయన బోధన్ కచేరీలో ముతర్జిమ్. అంటే ఒక భాషలోని కాగితాన్ని ఇంకో భాషలోకి దించి, దించింది సరిగ్గా ఉందని తన సంతకంతో పూచీ పడేవాడు. ఉర్దూ, తెలుగు, మరాఠీ, ఇంగ్లీషు నాలుగూ ఆయన నాలుక మీద నాలుగు అరల్లో సర్దినట్టు ఉంటాయి, ఒక అరలోది ఇంకో అరలో పడదు.

"ఒక్క పేరే గద సాబ్," అన్నాడు దేవిదాస్ ఆ రోజు గొంతు తగ్గించి. "ఇంగ్లీషుల రాసేటప్పుడు సుమిత్ర అని రాస్తే అయిపాయె. ఉర్దూ కాగితం ఆ దేశంల ఎవడు చదువుతడు?"

హబీబుద్దీన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "దేవిదాస్ సేఠ్, నీ కాంటాల రాయిని ఎవరి కోసమన్న మార్చినవా?"

మార్చి ఉంటే ముప్పై ఊళ్ల బెల్లం బండ్లు దేవిదాస్ అడ్తి ముందుకు వచ్చేవి కావు. మాట తిప్పికొట్టించుకున్నందుకు కోపం రావాల్సింది పోయి, మనసులో ఆ ముసలాయన తూకం ఒక మెట్టు పెరిగింది. అమ్ముడుపోనివాడు సంతకం పెడితేనే కాగితానికి విలువ. అది వ్యాపారం తెలిసినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

దారి కూడా హబీబుద్దీనే చూపించాడు. దఫ్తరులో తల్లిగా పేరున్న మనిషే వచ్చి అసలు సంగతి చెప్పాలి. దాన్ని తెలుగులో రాసి, వేలిముద్ర తీసుకుని, ఇంగ్లీషులోకి దించి, రెండూ జతచేసి బుధవారం మున్సిఫ్ ముందు పెట్టాలి.

ఇవాళ సోమవారం. హన్మవ్వ ఎద్దుల బండి కచేరీ వెనక వీధిలో, ముతర్జిమ్ ఇంటి ముందు ఆగింది. దేవిదాస్, సుమిత్ర అప్పటికే అరుగు మీద కూర్చుని ఉన్నారు.

ఆమెకు అరవై దాటాయి. మంజీర ఒడ్డున మూడెకరాల చెరకు, సొంత గానుగ. పాకం గరిటె పట్టీ పట్టీ కుడిచేతి మీద వెంట్రుక మొలవని మచ్చలు. బండిలోంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగింది. అరుగెక్కి, చాప మీద కూర్చోకుండా నిలబడే అడిగింది.

"ఏం సాబూ, నా మీద ఏం నేరం మోపిండ్రు?"

"నేరం కాదు అమ్మా. గవాహీ, సాక్ష్యం. నువ్వు చెప్పాలె, నేను రాయాలె. కూర్చో."

"కూసుంట గని, పొద్దుగూకేటాళ్లకు ఇంటికి పోవాలె. పెనం మీద చెరకు రసం ఉన్నది. పోరడొక్కడే సూసుకుంటున్నడు."

పోరడంటే ఆత్మారాం. ఆ మాటకు సుమిత్ర తల వంచుకుంది.

అసలు జరిగింది ఇది. ఆత్మారాంకు ముందు సుమిత్రకు ఇద్దరు పుట్టి, ఇద్దరూ నెల తిరక్కుండా పోయారు. మూడోవాడు పుట్టిన మూడో రోజు పక్కింటి హన్మవ్వ చాటెడు తౌడు తెచ్చి బాలెంత ఒడిలో పోసి, నా బిడ్డ అని అమ్మవారికి చెప్పి ఎత్తుకుంది. ఏడుగురిని కని ఏడుగురినీ దక్కించుకున్న చెయ్యి అది. అమ్ముడుపోయిన బిడ్డ మీద చావుకు హక్కు ఉండదని ఊరి నమ్మకం. పాలు సుమిత్రే ఇచ్చింది, పెంచిందీ ఇద్దరే, కాని మాటకు బిడ్డ హన్మవ్వ కొడుకు. అయిదో రోజు పుట్టుకలు రాసుకోవడానికి పటేలు వచ్చి, ఎవరి బిడ్డ అని అడిగితే, "నా బిడ్డే" అని హన్మవ్వ వీధంతా వినబడేలా చెప్పింది. వినాల్సింది పటేలు కాదు, ఇద్దరిని తీసుకుపోయిన ఆ చావు. పటేలు మాత్రం తనకు చెప్పిందనుకుని దఫ్తరులో ఎక్కించుకుని పోయాడు.

దేవిదాస్ సరుకు విప్పే ముందు గొంతు సవరించుకునే అలవాటున్నవాడు. సవరించుకున్నాడు.

"పెద్దవ్వా, పని సిన్నదే. మున్సిఫ్ ముందట 'వీడు నా కొడుకు కాదు' అని ఒక్క మాట సెప్పి వేలిముద్ర ఏస్తే సాలు."

హన్మవ్వ అతని మొహం చూసింది. "నీకు కొడుకులు ఎందరు?"

"ఇద్దరు."

"పెద్దోని పేరు పెట్టి, నా కొడుకు కాదని జర గట్టిగ అను. ఎట్లుంటదో నాకు ఇనబుద్ధైతున్నది."

దేవిదాస్ భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"అనవు. నీ కొడుకైతే అనవు. నా కొడుకైతే అనుమంటవు." ఆమె గొంతు పెంచలేదు. "పదిహేనేండ్ల కింద అమ్మవారి ఎదుట అన్న మాట అది. గా మాట మీదనే వాడు బతికిండు. ఇయ్యాల కాదంటే, సముద్రం మీద వానికేమన్న అయితే నువ్వు పూచీ ఉంటవా?"

"ఈ ఏడు నీ బెల్లమంత నా అడ్తిల పెట్టు. దలాలీ ఒక్క పైస ముట్టను," అన్నాడు దేవిదాస్. నోట్లోంచి వచ్చాక గాని అది ఎంత చవక బేరమో అతనికి తెలియలేదు.

"బెల్లం సంగతి బెల్లం కాడ మాట్లాడు బిడ్డా. ఎండల వచ్చినవు, జర నీళ్లు తాగు."

హబీబుద్దీన్ కలం పక్కన పెట్టి మీసం వెనక నవ్వుకున్నాడు. దేవిదాస్‌కు చెవులు వేడెక్కాయి. ఆ ముసలామె మీద కోపం తెచ్చుకోవాలని చూశాడు. అది కూడా చేతకాలేదు. ధర చెబితే జారిపోయే మనుషులను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాడు. ధర వినగానే నీళ్లు తాగమన్న మనిషిని చూడడం ఇదే మొదలు.

అప్పటిదాకా బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్న సుమిత్ర తల ఎత్తింది.

"పెద్దవ్వా, వానికి పదకొండో ఏట అమ్మవారు పోసింది, యాదికున్నదా?"

"లేకేమే."

"తొమ్మిది దినాలు నీ పక్కల పండుకున్నడు. నేను బయట గోడకానుకొని కూసున్న. రాత్రంత అవ్వా అవ్వా అని తల్లి కోసం కలవరించిండు. నువ్వు పలికినవ్. నేను పలకలే." ఆమె ఎవరి వైపూ చూడకుండా చాప అంచును సరిచేస్తూ మాట్లాడింది. "వాడు నన్ను ఇప్పటికీ చిన్నవ్వ అనే పిలుస్తడు. నువ్వు అమ్మవారికి ఇచ్చిన మాట నేను గూడ తప్పలే. పదిహేనేండ్లు నలుగురిల నా కొడుకు అనలే. గిప్పుడు వాళ్ల బాపు పిలుస్తున్నడు. వాడు పోకుంటే వాడు ఈడ, ఆయన ఆడ, నడుమ నేను. నువ్వు కాదనకు పెద్దవ్వా. నేను గూడ కాదనుమంటలేను. ఏం జేస్తే వాడు వాళ్ల బాపును సూస్తడో అది జెప్పు."

ఇంకా నిలబడే ఉన్న హన్మవ్వ మెల్లగా చాప మీద కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటే తుడుచుకుందని దేవిదాస్ లెక్క వేసుకున్నాడు. ఇంకోటి అనుకుంటే తనకూ కొంగు కావాల్సి వచ్చేది.

"సాబూ, కలం పట్టు," అంది హన్మవ్వ. "నా కొడుకు కాదని అనను. సచ్చినా అనను. జరిగింది జెప్త, అది రాయి. నేను కన్నది ఏడుగురిని. ఆత్మారాంను కన్లే, కొనుక్కున్న. మూడో దినం సుమిత్ర ఒళ్లె చాటెడు తౌడు పోసి కొనుక్కున్న. వాడు నా కొడుకే. కన్నబిడ్డను ఎవరన్న కొంటరా సాబూ? కొన్ననంటే అమ్మినామె ఉన్నట్టే గద. గామె ఈమె."

హబీబుద్దీన్ కలం సిరాలో ముంచి, ముంచినచోటే ఆపేశాడు. "సుభానల్లా," అన్నాడు తనలో తాను.

దేవిదాస్ వీపు నిటారుగా అయింది. ఎన్ని కొనుగోలు పత్రాలు చూసి ఉంటాడు తను. అమ్మినవాడి పేరు లేని పత్రం ఒక్కటీ ఉండదు. కొన్నానని గట్టిగా చెప్పడమే, ఇంకొకరు కన్నారని ఒప్పుకోవడం. వారం రోజులు తను, ముతర్జిమ్, ఇద్దరు వకీళ్లు తలలు బద్దలు కొట్టుకున్న ముడిని, అక్షరం ముక్క రాని మనిషి ఏ మాటా తప్పకుండా విప్పింది. అమ్మవారికి చెప్పింది అట్లాగే ఉంది, మున్సిఫ్‌కు కావలసిందీ దొరికింది.

వెంటనే వ్యాపారి భయం ముందుకొచ్చింది.

"సాబ్, 'కొన్న' అని ఇంగ్లీషుల పెడితే ఆ దేశం దొరలు పిల్లల బేపారం అనుకుంటరు. జైలు సంగతి అయితది. సాదుకున్నది, పెంచుకున్నది అని రాయరాదా?"

"ఆమె సాదుకున్న అనలేదు సేఠ్."

"రెంటికి ఎంత తేడా?"

"నీకు కండచక్కెరకు, బెల్లానికి ఎంత తేడానో అంత." హబీబుద్దీన్ హన్మవ్వ వైపు తిరిగాడు. "అమ్మా, ఏం తౌడు అది?"

"వడ్ల తౌడు. ఏం తౌడైతేంది?"

"ఎంత?"

"చాటెడు. అచ్చంగ చాటెడు గూడ కాదు, గాలికి సగం ఎగిరిపాయె."

"ఆ తౌడు తర్వాత ఏమైంది?"

"ఏమైతది? సుమిత్ర వాళ్ల బర్రెకు వెట్టిండ్రు."

"ఆ దినమేనా?"

"ఆ దినమే. ఆకలి మీదున్నది, కుండ గూడ నాకింది."

సుమిత్ర నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హబీబుద్దీన్ మాత్రం నవ్వకుండా వడ్ల తౌడు, చాట, ఎగిరిపోయిన సగం, బర్రె అన్నీ రాసుకున్నాడు. బిడ్డకు పాలెవరిచ్చారు, ఏ ఇంట్లో పడుకున్నాడు, ఎన్నాళ్లకు ఏ ఇంట్లో అన్నం తిన్నాడు, అన్నీ అడిగి రాసుకున్నాడు. సగం కాగితం నిండేసరికి దేవిదాస్‌కు సంగతి అంతుపట్టింది. 'కొన్న' అనే మాటను ఆయన దాచడం లేదు. దాని పక్కన ధర పెడుతున్నాడు. గాలికి సగం పోయిన చాటెడు తౌడుకు, అదీ ఆ పూటే బర్రెకు పెట్టిన తౌడుకు, ఎవడూ బిడ్డను అమ్మడని ఏ దేశపు దొరకైనా తెలుస్తుంది. ధరే సాక్ష్యం. ఇంత చిన్న సంగతి ముప్పై ఏళ్ల బేరగాడికి తట్టలేదు, కలం పట్టిన మనిషికి తట్టింది.

తెలుగు అయ్యాక ఇంగ్లీషు రాశాడు. అది పూర్తయ్యేసరికి ఎండ అరుగు మీదినుంచి గోడ దాకా జరిగింది. రాయడం అయ్యాక ఆయన చేసే పని కోసమే ఊళ్ల నుంచి మనుషులు వచ్చి ఈ అరుగు మీద కూర్చునేది. తెలుగు కాగితాన్ని బోర్లించి పక్కన పెట్టాడు. ఇంగ్లీషు కాగితం ఒక్కటే చేతిలో పట్టుకుని, అందులో ఉన్నదాన్ని మళ్లీ తెలుగులో హన్మవ్వకు చెప్పడం మొదలుపెట్టాడు.

"మూడో రోజున నేను తౌడు ఇచ్చి బిడ్డను తీసుకున్నాను."

"ఇయ్యలే. పోసిన," అంది హన్మవ్వ. "ఒళ్లె పోసిన. ఇచ్చుడు ఏరు, పోసుడు ఏరు. ఇస్తే సేతిల ఇస్తరు."

ఆయన ఆ వాక్యం కొట్టేసి తిరగరాశాడు. మళ్లీ చదివాడు. ఆమె తలాడించింది. ఇట్లా నాలుగు చోట్ల ఆపింది, నాలుగు చోట్లా ఆయన కొట్టేశాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. చివరికి కొట్టివేతలు నిండిన కాగితం పక్కన పెట్టి, కొత్త కాగితం మీద అంతా శుభ్రంగా ఎత్తి రాశాడు. సముద్రం దాటిపోయే మాట, పలికిన మనిషి నోటికి తిరిగొచ్చినప్పుడు అదే రుచి ఉండాలి. పాకం ముదిరిందో లేదో వేలి మీద వేసుకుని చూసే హన్మవ్వకు, ఈయనకు తేడా లేదనిపించింది దేవిదాస్‌కు.

"ఇగ వేలు ఇయ్యి అమ్మా," అని హబీబుద్దీన్ సిరా అద్దిన గుడ్డ ముందుకు జరిపాడు.

హన్మవ్వ చెయ్యి కొంగు కిందికి పోయింది.

"ఇస్త. ముందు ఒకటి తేలాలె. కొన్న బిడ్డను మళ్ల కొనుక్కోకుంట ఎట్ల తీస్కపోతరు?"

దేవిదాస్ ఒకసారి కాగితాల వైపు, ఒకసారి ఆమె కొంగు వైపు చూశాడు. సుమిత్ర మాత్రం తెలిసిన సంగతే అన్నట్టు తల ఊపింది. "ఔ, అన్నా. కన్నతల్లి మళ్ల తౌడు వోసి తిరిగి కొనుక్కోవాలె. లేకుంటే వాడు ఇటూ కాడు, అటూ కాడు."

"అయితే ఇప్పుడే పోద్దాం. తౌడుకేం కరువు? గంజ్‌ల బస్తాలు బస్తాలున్నది."

"తౌడు దొరుకుతది బిడ్డా. దినం దొరకాలె," అంది హన్మవ్వ. "లగ్గం నాడే తిరిగి కొనుడు. పీటల మీద కూసుండే ముందు. వేరే దినం కొంటే ఎన్నటికీ కొన్నట్టు కాదు. మా అత్త సెప్పింది, ఆమెకు ఆమె అత్త సెప్పింది."

"లగ్గమా?"

"ఎనిమిది దినాలల్ల మాఘం పుడుతది. మొదటి మూర్తంలనే చేసేద్దాం. పిల్లను యాడికో పోయి ఎతకక్కర లేదు. మా పెద్దబిడ్డ కూతురు గంగమణి ఉన్నది. వరుసకు మేనకోడలు. వానికి ఇష్టమే, నేను అడిగిన. పిల్ల నా కాడనే ఉంటది. ఈడొచ్చినంక ఓడెక్కిస్త."

దేవిదాస్ మనసులో కాంటా ఊగి నిలబడింది. ఈ ముసలామె ఎంత దూరం చూసిందో. అమ్మవారి మాట నిలుస్తుంది, పిల్లవాడు తండ్రి దగ్గరికి పోతాడు, పోయినా తాడు కొస ఆమె చేతిలోనే ఉంటుంది. వాడు ఏ దేశంలో ఉన్నా ఆమె ఇంటి అల్లుడై తిరిగి చూడాల్సిందే. ఒక్క లగ్గంతో ఇన్ని పనులు చేసే మనిషిని చూసి అసూయ పడాలో దండం పెట్టాలో తెలియలేదు. రోజులు లెక్కబెట్టాడు. ఫిబ్రవరి మొదట్లో మాఘం, నాలుగైదు రోజుల్లో పెళ్లి, పదిహేనుకల్లా బొంబాయి రైలు. సరిపోతుంది. చెల్లెలి వైపు చూశాడు. ఆమె కళ్లలో ఒప్పుకోలు ఉంది.

"సేఠ్, ఒక్క నిమిషం," అన్నాడు హబీబుద్దీన్, మోకాళ్ల మీది కాగితాలు వెతుకుతూ.

దేవిదాస్ అప్పటికే చెయ్యి ముందుకు చాపాడు. "సరే పెద్దవ్వా. ఖాయం."

హన్మవ్వ అతని అరచేతిలో అరచెయ్యి వేసి, వీధి వైపు తిరిగి పిలిచింది. "అల్లుడా, మేనమామ ఒప్పుకున్నడు."

బండిలో ఇంకో ఇద్దరు ఉన్నారని అప్పుడు గాని ఎవరికీ తెలియలేదు. హన్మవ్వ పెద్దకూతురు, అల్లుడు, అంటే గంగమణి తల్లిదండ్రులు. సంబంధం ఖాయమైనందుకు బండి చక్రపు ఇనుప పట్టా మీద కొబ్బరికాయ పగిలిన చప్పుడైంది. హన్మవ్వ సిరా గుడ్డ మీద బొటనవేలు ఒత్తి, తెలుగు కాగితం మీద, ఇంగ్లీషు కాగితం మీద గట్టిగా అద్దింది. రెండు ముద్రలూ గీతలతో సహా తేటగా పడ్డాయి.

హబీబుద్దీన్ వెతుకుతున్న కాగితం దొరికింది. నాటాల్ నుంచి వచ్చిన దరఖాస్తు ఫారం. ఆయన దాన్ని దేవిదాస్ వైపు తిప్పి, మూడో గడిలోని ఇంగ్లీషు వరస మీద వేలు పెట్టాడు.

"లగ్గం మాట ఇప్పుడే వింటున్న సేఠ్. లేకుంటే ముందే చెప్తుంటి. ఇది విను." ఒక్కొక్క మాటా విడదీసి తెలుగులో చదివాడు. "దరఖాస్తు పెట్టినవాని కొడుకు. పదహారేండ్ల లోపువాడు. పెండ్లి కానివాడు."

సుమిత్ర లేచి నిలబడింది.

"పెండ్లయితే?" అన్నాడు దేవిదాస్.

"అయితే వాడు ఈ కాగితంల లేడు."

ముప్పై ఏళ్ల అడ్తిలో దేవిదాస్ ఖాయం అన్న బేరాన్ని వెనక్కి తీసుకున్నది లేదు. ఆ ఒక్క మాట మీదే అతని దుకాణం నిలబడి ఉంది. లగ్గం జరిగితే ఓడ లేదు, జరగకపోతే హన్మవ్వ బిడ్డను వదలదు. హన్మవ్వ సిరా అంటిన వేలిని గోడకు తుడుచుకుంటూ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"ఏమైందే?" అంది సుమిత్రతో.

హన్మవ్వ అల్లుడు పగిలిన కొబ్బరి చిప్పలు రెండూ బెల్లం ముక్కతో పళ్లెంలో పెట్టుకుని, చెప్పులు విడిచి, అరుగు మెట్లెక్కుతున్నాడు.